ముందు మంచి కాలు

బల్ల మీద వెల్లకిల పడుకోగానే సంపూర్ణకు నిద్ర ముంచుకొచ్చింది. పరీక్ష గదిలో, ఇంతమంది చూస్తుండగా, గుండెలో ఇంత భయం పెట్టుకొని నిద్రెట్లా వస్తుందో తనకే అర్థం కాలేదు. వచ్చింది మాత్రం నిజం. ఆఫీసు గదిలోంచి మోసుకొచ్చిన టేకు బల్ల, దాని మీద హాస్టల్ దుప్పటి, తల కింద మడత పెట్టిన తువ్వాలు. పైన సిమెంటు రేకులు. ఏప్రిల్ ఎండ పొద్దుటినుంచీ ఆ రేకుల మీదే ఉంది. కరెంటు పోయి ఫ్యాను ఎప్పుడో ఆగింది. కిటికీ అవతల రోడ్డు మీద బొగ్గు లారీ పోయినప్పుడల్లా బల్ల సన్నగా వణుకుతోంది, ఆ వణుకు వీపులోంచి ఎక్కి దవడ దాకా వస్తోంది. గది గోడకు వరసగా నిలబడ్డ క్లాసువాళ్ళు అట్టలతో విసురుకుంటున్నారు. ఎక్కడో ఇప్పపూలు ఆరబోసినట్టున్నారు, ఆ తియ్యటి మత్తు వాసన గాలి లేకపోయినా వస్తోంది. కళ్ళు మూస్తే నిద్రలోకి పోతాను అనుకుంది సంపూర్ణ. రాత్రంతా కమ్లి పక్కచాప మీద కూర్చొని ఎముకల పేర్లు వల్లెవేసింది, ఫీమర్, టిబియా, ఫిబులా, పటెల్లా, మళ్ళీ ఫీమర్, టిబియా. ఆ పిల్ల జూలూరుపాడు అవతలి తండాలో పుట్టింది, తెలుగు బడిలోనే నేర్చుకుంది, ఇంగ్లీషు ఇక్కడికొచ్చాక నేర్చుకుంది, లాటిన్ పేర్లు మాత్రం పాటలా పాడుతుంది. ఇప్పుడా కమ్లే తన కాళ్ళ దగ్గర నిలబడింది. పరీక్ష కమ్లిది. సంపూర్ణ పేషెంటు, అంతే. జతలో ఒకరు పేషెంటుగా పడుకోవాలి, ఇంకొకరు చూడాలి, తర్వాత తారుమారు. ఆటల టీచర్ల కోర్సు బీపీఈడీలో ఆటల గాయాల పేపరుకు ప్రాక్టికల్ అలాగే పెడతారు.

యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ వెంకటరామారావు సారు కాలరు లోపల చేతిరుమాలు కుక్కుకొని కుర్చీలో ఒరిగి ఉన్నాడు. పొద్దుటినుంచీ అవే మోకాళ్ళూ అవే మడమలూ చూసి ఆయనా అలిసిపోయాడు. కమ్లి తీసిన చీటీని ఆయనే పైకి చదివాడు. కబడ్డీ ఆడుతుండగా ఎడమ మోకాలు మెలిపడింది, పరీక్షించి కట్టు కట్టుము. ఎడమ అన్న మాట వినగానే బతికాననుకుంది సంపూర్ణ. ఎడమ కాలికి ఏమీ లేదు, రాయిలాంటి కాలు. కాసేపు మూలిగితే సరిపోతుంది. అంతలోనే కమ్లి గొంతు సవరించుకొని, రాత్రి వల్లెవేసిన పాఠం అప్పజెప్పింది. "ముందు మంచి కాలు చూస్త సర్. మంచి కాలు ఎట్లుంటదో చేతికి తెలిస్తేనే దెబ్బ కాలుల తేడా దొరుకుతది సర్." సారు తలూపాడు. కమ్లి బల్లకు కుడివైపు వచ్చింది. మంచి కాలు. కుడి కాలు. శ్యామల మేడం ఏడాది పొడుగునా చెప్పిన మొట్టమొదటి సూత్రమే అది, రేపు మీరు బళ్ళలో ఆటల టీచర్లయితరు, పిల్ల కింద పడితే డాక్టరు కంటే ముందు చెయ్యి పెట్టేది మీరే, ముందు మంచి కాలు చూడండి అని. అందరూ రాసుకున్నారు, సంపూర్ణా రాసుకుంది. కానీ ఆ సూత్రం ఇలా ఒకనాడు బల్ల ఎక్కించి తన కుడి మోకాలి మీదికి కమ్లి చేతుల్ని తెస్తుందని తోచనే లేదు.

కమ్లి వేళ్ళు మోకాలి చిప్ప చుట్టూ తిరుగుతున్నాయి, చల్లగా ఉన్నాయి, కుండనీళ్ళతో చేతులు కడుక్కొని వచ్చింది కాబోలు. వాపు లేదు సర్, వేడి లేదు సర్. వాపెక్కడిది, వాపు పోయి నాలుగేండ్లయింది. మణుగూరు కాలనీ గ్రౌండులో సున్నపు గీతలు గీసిన ఆ సాయంత్రం, మైకులో పేర్లు చదువుతున్నారు, నాయిన లూకా డ్యూటీ దిగి బొగ్గు మసి మొహంతోనే వచ్చి గీత పక్కన గొంతుక్కూర్చున్నాడు. అవతలి జట్టు ములకలపల్లిది. అందులో జంపక్క అని ఒక కోయపిల్ల ఉండేది, సన్నగా ఉన్నా పట్టు పడితే వదలదు. సంపూర్ణ కూతకెళ్ళి, గీత ముట్టి వెనక్కి తిరగబోతుంటే జంపక్క మడమ దొరకబుచ్చుకుంది. కాలు అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు తిరిగింది. లోపల టప్పుమని చప్పుడు. ఆ చప్పుడు జంపక్క కూడా విన్నది. పట్టు వదిలేసి, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. ఆటలో అది తప్పేమీ కాదు, అయినా ఆ పిల్ల తర్వాత రెండు మూడు సార్లు ఇంటికొచ్చింది, ఏవో ఆకులు నూరి అరిటాకులో కట్టుకొచ్చేది, గడప దగ్గరే కూర్చొని ఏం మాట్లాడకుండా పోయేది. ఆమె ఎక్కడుందో ఇప్పుడు. దవాఖానాలో నరం బెణికిందన్నారు, పిండికట్టు వేశారు, మంచం మీద వారాలకు వారాలు గడిచాయి, కట్టు కింద దురద, గోడ మీద బల్లి, అమ్మ చేసే రాగి జావ. నరం కాదమ్మా, లిగమెంటు, అంటుంది శ్యామల మేడం ఎవరు నరమన్నా. ఆ మాట దవాఖానాలో ఎవరూ అనలేదు.

కట్టు విప్పిన ఆదివారం కాలనీ చర్చికి తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళింది. నడవగలిగింది, అది అబద్ధం కాదు. ఆ కట్టు రోజుల్లో సంఘమంతా తన పేరు పెట్టి ప్రార్థించింది, ఉపవాసాలున్నారు, పాస్టరుగారు మంచం పక్కన మోకరించి చెయ్యి పెట్టారు. సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని అడిగినప్పుడు నాయిన తనవైపు చూడలేదు కూడా, చాప మీద చూపు పెట్టుకొని కూర్చున్నాడు, చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆ మెడలో కనిపించింది. సంపూర్ణ లేచి నిలబడింది. దేవుడు నా కాలు ముట్టిండు అంది. రెండు కాళ్ళ మీదా బరువేసి నిలబడి అంది. స్తోత్రం, స్తోత్రం. గనిలో పెద్ద పెద్ద డంపర్లు తిప్పే నాయిన, తోటివాడు బొగ్గు కింద పోయిననాడు కూడా కళ్ళు తుడుచుకోని నాయిన, మోచేతిలో మొహం దాచుకొని ఏడ్చాడు. మరుసటి వారమో ఆపై వారమో బోరింగు దగ్గర బిందె ఎత్తుకొని పక్కకు తిరిగింది. మోకాలు లోపల ఎముక మీద ఎముక జారింది, కాలు తనది కానట్టు వంగిపోయింది, బిందె దొర్లింది, నీళ్ళు పారాయి. అమ్మ ఉరికొచ్చింది. బురదల జారిననే అంది సంపూర్ణ. ఆ మాట అప్పటికి సరిపోయింది. మళ్ళీ ఎండాకాలం నేల పగుళ్ళు పడ్డ రోజుల్లో కూడా, ఎక్కడ పడ్డా, నోటికి ముందు బురదే వచ్చేది. తగ్గలేదని చెప్పాలంటే ఆ ఆదివారం ఏడ్చిన నాయినకు చెప్పాలి, పాస్టరుగారికి చెప్పాలి, ఉపవాసమున్న ముసలమ్మలకు చెప్పాలి. ఎవరికని చెప్తది.

"కాలు మడువక్కా" అంటోంది కమ్లి. మడిచింది. పాదం బల్లకు ఆనింది. కమ్లి బల్ల ఎక్కి ఆ పాదం మీద మెల్లగా కూర్చుంది, పాదం కదలకుండా. ఇది సంపూర్ణకు తెలిసిన పరీక్షే. తెలిసిన రోజు కూడా గుర్తుంది, వాన పడుతున్న రోజు, శ్యామల మేడం బోర్డు మీద మోకాలు లోపలి బొమ్మ వేసింది, తొడ ఎముకనూ కాలెముకనూ కలుపుతూ ఏటవాలుగా ఒక పట్టీ, ఎర్ర సుద్దతో, అదే లిగమెంటు. అది తెగితే తనంతట తాను అతకదు అంది. తెగినోళ్ళు నడుస్తరు, సీదగ ఉరుకుతరు కూడా, పక్కకు తిరిగితే పడిపోతరు, కాలెముక ముందుకు గుంజితే సొరుగు లాగినట్టు జారి వస్తది, చెయ్యి పెడితే ఎవరికైనా తెలుస్తది. గదంతా గబగబా రాసుకుంటున్నారు. సంపూర్ణ పెన్ను పట్టుకొని ఎర్ర సుద్ద గీతను చూస్తూ కూర్చుంది. అన్నేళ్ళూ పగలూ రాత్రీ మోసినదానికి ఒక పేరుందన్నమాట. తనంతట తాను అతకదన్నమాట. కోర్సులో చేరే ముందు పెట్టిన పరుగు సీదా పరుగు కాబట్టి గెలిచింది. చేరాక కబడ్డీ ప్రాక్టీసు రోజు కడుపునొప్పి, ఖోఖో రోజు జ్వరం, షటిల్ పరుగు రోజు ఉపవాసం. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు, బస్సు దిగేటప్పుడు ఏ చెయ్యి కడ్డీకి, స్నానాల గదిలో గచ్చు ఎక్కడ నున్నగుంది, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పాలి గానీ ఒళ్ళు తిప్పొద్దు, లెక్కలు, లెక్కలు, నిద్రలో కూడా లెక్కలే. రేపు పొద్దున కబడ్డీ ప్రాక్టికల్ ఉంది. ట్రాక్ ప్యాంటు లోపల క్రేపు బట్ట బిగించి చుట్టుకొని, కూతకు పోకుండా మూలన నిలబడి ఎలాగోలా గడిపెయ్యాలనుకుంది. ఈ ఒక్క పొద్దూ రేపటి ఒక్క పొద్దూ దాటితే చేతిలో డిగ్రీ, వచ్చే డీఎస్సీలో పీఈటీ పోస్టు, మా బిడ్డ ఆటల టీచరని నాయిన క్యాంటీన్లో అందరికీ చెప్పుకోవడం.

కమ్లి బొటనవేళ్ళు మోకాలి ముందు, తక్కిన వేళ్ళు పిక్క పైన. సంపూర్ణ తొడ వెనక కండరాన్ని బిగబట్టింది. ఇది ఎవరూ నేర్పలేదు, ఆ కాలే నేర్చుకుంది. ఆ కండరం బిగిస్తే కాలెముక కదలదు. కమ్లి లాగింది. కదల్లేదు. "గట్టిగుంది సర్." మంచి కాలు గట్టిగానే ఉంటుందమ్మా, అన్నాడు సారు గోడ గడియారం చూస్తూ, అవతలి కాలికి రా. కమ్లి దిగి చుట్టూ తిరిగి ఎడమవైపు వచ్చింది. బల్ల మళ్ళీ వణికింది, లారీ. ఎడమ మోకాలి మీద చేతులు పడ్డాయి, అవి పడ్డప్పుడు సంపూర్ణ అసలు అక్కడ లేదు, కుడి తొడలో బిగబట్టిన కండరం వదలడానికి భయపడుతూ అక్కడే ఉండిపోయింది.

"నొప్పి అనమ్మా" అన్నాడు సారు. "నువ్వు పేషెంటువి. దెబ్బ ఈ కాలికి."

"అబ్బా" అంది సంపూర్ణ. అది ఎంత దొంగగా వినిపించిందంటే గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తనకూ నవ్వొచ్చింది. నొప్పి ఉన్న కాలికి లేదని నాలుగేండ్లు, లేని కాలికి ఉందని ఇప్పుడు. మళ్ళీ అబ్బా అంది. ఇక చాలు, కట్టు కట్టి పంపించెయ్యమని మనసులోనే కమ్లిని బతిమాలుకుంది. కానీ కమ్లి కట్టు బట్ట తీసుకోలేదు. తల వంచి ఆలోచిస్తోంది. పరీక్ష అయిపోతుంటే ఆలోచించే పిల్ల అది.

"సర్, మల్లొకసారి మంచి కాలు చూస్త సర్. అక్క తొడ కండరం బిగవట్టింది. బిగవడితే పరీక్ష తప్పయితదని మా మేడం చెప్పింది సర్."

సారు మొదటిసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. బాగుంది, చూడు అన్నాడు. కమ్లి మళ్ళీ వచ్చి పాదం మీద కూర్చుంది. ఆ బరువు ఎంత తేలిక. పొద్దున సగం ఇడ్లీ కూడా తినలేదు. ఏడాదిగా ఒకే గిన్నెలో అన్నం వండుకుంటున్నారు, చింతకాయ తొక్కు ఎవరింటినుంచి వస్తే వాళ్ళది ముందు అయిపోయేది, కమ్లి వాళ్ళ యాడి, అంటే అమ్మ, వచ్చినప్పుడు కూతురికిచ్చినట్టే సంపూర్ణకూ జొన్నరొట్టె మూట ఇచ్చి తల నిమిరింది. కమ్లి కిందికి వంగి, అందరికీ వినపడకుండా అంది.

"వదులక్కా. నేనే గద. ఏమైతది?"

ఏమైతది. అవును, ఏమవుతుంది. సంపూర్ణ రేకుల వైపు చూసింది. రేకు సందులోంచి ఎండ ఒక పోగులా దిగి తన పొట్ట మీద పడుతోంది, ఇంతసేపూ చూడనే లేదు. కండరం వణుకుతోంది, ఇక ఎక్కువసేపు నిలవదు, ఆ సంగతి కమ్లి వేళ్ళకూ తెలుస్తుండొచ్చు. నాలుగేండ్ల నుంచి ఈ ఒక్క కండరంతోనే నడిచినట్టుంది, దీంతోనే మెట్లెక్కి, దీంతోనే చర్చిలో నిలబడి, దీంతోనే నిద్రపోయి. ఇది అలిసిపోయింది. నేనూ అలిసిపోయిన. తాను వదిలిందో అదే వదిలిందో తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా సంపూర్ణకు తెలియలేదు. తొడ వెనక మెత్తబడింది. కమ్లి లాగింది, ఎముక మెల్లగా, ఏ అడ్డూ లేకుండా, ముందుకు జారి ఆ పిల్ల చేతుల్లోకి వచ్చింది.

కమ్లి చేతులు అక్కడే ఆగిపోయాయి. సంపూర్ణ కళ్ళలోకి చూసింది, సంపూర్ణ చూపు తిప్పుకోలేదు. ఒక్క క్షణంలో ఆ పిల్లకు కడుపునొప్పులూ జ్వరాలూ ఉపవాసాలూ అన్నీ అర్థమైపోవడం కనబడింది.

"చెప్పమ్మా, ఏం దొరికింది?" అన్నాడు సారు.

కమ్లి కుడి మోకాలి మీంచి చేతులు తీసేసింది. "నార్మల్ సర్" అంది. "మంచిగనే ఉంది సర్."

సారు పెన్ను తెరిచాడు. అయిపోయినట్టే. చీటీ ప్రకారం మంచి కాలు మంచిగానే ఉండాలి, ఆయన రాసుకోవడానికి అదే సిద్ధంగా ఉంది. సంపూర్ణ అలాగే పడుకొని ఉండిపోతే చాలు, కమ్లి ఆ అబద్ధాన్ని తన నెత్తికెత్తుకుంది, ఇంకెవరికీ తెలియదు. బురద అన్నప్పుడల్లా తన అబద్ధం తనదే, తానే మోసింది. ఇప్పుడీ పిల్ల నోట కూడా అది వచ్చింది. సంపూర్ణ మోచేతుల మీద లేచింది.

"నార్మల్ కాదు సర్. ఆమె చేతికి దొరికింది. చెప్తలేదు. మీరు చూడండి సర్."

గదిలో అట్టలు విసరడం ఆగింది. వెంకటరామారావు సారు లేచి వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకొని, చేతులు తుడుచుకొని, కమ్లి దిగిన చోట తాను కూర్చున్నాడు. ఒకసారి లాగాడు. కాలు చాపించి, మోకాలు కొద్దిగా ఎత్తి ఇంకో రకంగా లాగాడు. సంపూర్ణ ఏదీ బిగబట్టలేదు. ఎడమ కాలు కూడా చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేండ్లయింది సర్."

"ఎవరికీ చెప్పలేదా?"

"లేదు సర్."

ఆయన కాసేపు ఆ మోకాలి మీద చెయ్యి అలాగే ఉంచాడు. "రేపు గ్రౌండులో దిగొద్దు" అన్నాడు. "లోపల రెండెముకల మధ్య మెత్తటి దిండులాంటిది ఒకటుంటుంది చూడు, చదువుకున్నావుగా, అది కూడా చిరిగితే నడక కూడా పోతుంది. ఆపరేషనుంది దీనికి. చేయించుకొని సప్లిమెంటరీలో రా."

"డీఎస్సీ సర్..."

"ఈసారి కాదమ్మా." ఆ మాట ఆయన మెత్తగానే అన్నాడు, కానీ రెండోసారి ఆలోచించకుండా అన్నాడు. తర్వాత కమ్లి వైపు తిరిగాడు. "దొరికింది కదా నీకు. చేతికి తెలిసింది నోటితో చెప్పకపోతే, రేపు నీ బడిలో పిల్ల మళ్ళీ ఆటకు దిగి కాలు పోగొట్టుకుంటుంది. అర్థమైందా?" కమ్లి తల వంచుకొని నిలబడింది. ఆయన కాగితం మీద ఏదో రాశాడు, ఎంత వేశాడో ఇద్దరికీ కనపడలేదు. ఇప్పుడు మీరు మారండమ్మా అన్నాడు. సంపూర్ణ బల్ల దిగింది, కమ్లి ఎక్కింది, చీటీలో చీలమండ బెణికింది అని వచ్చింది. సంపూర్ణ నోటితో ఒక్కొక్కటీ చెప్తూ, కమ్లి పాదం ఒళ్ళో పెట్టుకొని, పట్టీలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయింది. కట్టు అయ్యేదాకా కమ్లి పైకప్పునే చూసింది, కణతల మీదుగా నీళ్ళు తువ్వాలులోకి కారుతుంటే తుడుచుకోలేదు.

వరండాలోకి వచ్చాక ఆ పిల్ల నోరు తెరిచింది. "ఏడాది సంది ఒక్క రూముల పంటున్నం. నా కాలుకు ముల్లిరిగితే నువ్వు దీపం వెట్టి తీసినవ్. నీదేమో గిట్ల దాసుకుంటివి. నేనేమన్న పరాయిదాన్నా?"

"కాదే."

"మరెందుకు జెప్పలే?"

కమ్లి కోపంగా నాలుగడుగులు అటు పోయి, మళ్ళీ వచ్చి తన సెల్ ఫోను చేతిలో పెట్టింది. "మీ నాయినకు చెయ్. నాకు జెప్పకపోతె పాయె, ఆయనకన్న జెప్పు" అని పంపు దగ్గరికి పోయి మొహం కడుక్కోసాగింది.

నాయిన రెండో షిఫ్టుకు తయారై క్యాంటీన్ దగ్గర ఉన్నట్టున్నాడు, వెనక గ్లాసుల చప్పుడు. పరీక్ష మంచిగైందా బిడ్డా అన్నాడు. సంపూర్ణ చెప్పింది. ముందు వెనకలు లేకుండా, కబడ్డీ, బోరింగు, శ్యామల మేడం వేసిన ఎర్ర గీత, ఇవాళ సారు చెయ్యి, డీఎస్సీ తప్పిపోవడం, అన్నీ కలిపి చెప్పేసింది.

"ఆ ఐతారం" అన్నాడు నాయిన. "చర్చిల నిలవడ్డప్పుడు... తగ్గిందనే అనుకున్నవా?"

"అవ్ నాయినా. ఆ దినం తగ్గిందనే అనుకున్న."

"ఊ" అన్నాడు. ఎవరో ఆయన్ను పేరుపెట్టి పిలిచారు, బస్సు కదులుతున్నట్టుంది, వస్తున్న పో అని వాళ్ళకు చెప్పాడు గానీ కదల్లేదని చప్పుడును బట్టి తెలిసింది. ఊపిరి తీసుకోవడం వినబడింది. ఏమంటాడో, సంఘంలో తలెత్తుకునేదెట్లా అంటాడో, ఇన్నాళ్ళు మమ్మల్నెందుకు నమ్మించావంటాడో అని సంపూర్ణ గోడకు ఆనుకొని ఎదురుచూసింది.

"ఇప్పుడు నొస్తున్నదా?" అన్నాడు.

నాలుగేండ్లలో ఆ ప్రశ్న ఎన్నిసార్లు ఎవరడిగినా లేదనే మాట నాలుక చివరే ఉండేది. వెతికింది, ఇప్పుడక్కడ లేదు.

"నొస్తుంది నాయినా. బాగ నొస్తుంది."

"మరి నిలవడి మాట్లాడుతున్నవా? కూసో బిడ్డా. యాడన్న జెర కూసో" అన్నాడు లూకా.

సంపూర్ణ వరండా మెట్టు మీద కూర్చొని, రెండు కాళ్ళూ ఎండలోకి చాపింది.